పార్లమెంటు క్యాంటీన్: వంద రూపాయల థాలీ, ఎనిమిది కోట్ల పొదుపు

భోజనశాల గురించి రాసేవారు అది ఎక్కడుంది, ఎన్ని గంటలకు తెరుస్తారు, ఇద్దరు తింటే ఎంతవుతుంది అన్న సంగతులు ముందుగా చెప్పడం ఆనవాయితీ. ఢిల్లీలో నేను సమీక్షించబోతున్న చోటికి ఆ వివరాలు పెద్దగా ఉపయోగపడవు, ఎందుకంటే దారిన పోయేవారు ఆకలేసిందని అక్కడికి వెళ్లి కూర్చోలేరు. పార్లమెంటు ఆవరణలోని క్యాంటీన్లలో తినాలంటే సభ్యులై ఉండాలి, లేదా సచివాలయ ఉద్యోగులో, భద్రతా సిబ్బందో, గుర్తింపు పొందిన విలేకరులో, పాసు మీద వచ్చిన సందర్శకులో అయి ఉండాలి. ఉద్యోగరీత్యా కాగితాలు పట్టుకుని అనెక్స్ భవనానికి వెళ్లవలసి వచ్చినప్పుడల్లా నేను మధ్యాహ్న భోజనం అక్కడే చేస్తుంటాను. ప్రజాప్రతినిధుల జీతాలు, సౌకర్యాలు తగ్గిస్తే సర్కారు ఖర్చు తగ్గుతుందన్న మాట వచ్చిన ప్రతిసారీ అందరూ మొదట వేలెత్తి చూపిన చోటు ఈ క్యాంటీనే కాబట్టి, వంట రుచితో పాటు దాని లెక్కను కూడా సమీక్షించడం న్యాయమని నాకు తోచింది.

ముందు వంట సంగతి. చాలా ఏళ్లపాటు ఈ క్యాంటీన్లను ఉత్తర రైల్వే నడిపింది. ఆ తర్వాత అవి భారత పర్యాటక అభివృద్ధి సంస్థ చేతికి వచ్చాయి. శాకాహార థాలీలో అన్నం, చపాతీలు, పప్పు, కూరలు, పెరుగు ఉంటాయి. ఉత్తరాది ఇంటి భోజనానికి దగ్గరగా ఉండే ఈ థాలీలో నూనె, మసాలా మితంగా వేస్తారు. అది తిన్నాక మధ్యాహ్నం సమావేశంలో కునుకు రాకుండా కూర్చోవచ్చు, పార్లమెంటు క్యాంటీన్‌కు ఇది చిన్న గుణమేమీ కాదు. హైదరాబాదీ మటన్ బిర్యానీ పేరు జాబితాలో చూసి మనవాళ్లు ముచ్చటపడటం సహజమే. అన్నం పొడిపొడిగా, ముక్క మెత్తగా ఉంటుంది, కారం మాత్రం మన నాలుకకు ఒక మెట్టు కిందే ఆగుతుంది. తినే చోటు శుభ్రంగా ఉంటుంది, వడ్డించేవారు మర్యాదగా ఉంటారు. ఒంటిగంట దాటాక రద్దీ ఎక్కువ, రెండున్నరకు వెళితే తీరిగ్గా తినవచ్చు.

ఇక ధరల పట్టిక. నా దృష్టిలో ఈ క్యాంటీన్‌లో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన వంటకం అదే. 2021లో ఖరారైన పట్టిక ప్రకారం చపాతీ 3 రూపాయలు, శాకాహార థాలీ 100, మటన్ బిర్యానీ 150, మాంసాహార బఫే 700. అంతకుముందు మటన్ బిర్యానీ 65 రూపాయలకు, ఉడికించిన కూరగాయలు 12 రూపాయలకు దొరికేవి. కూరగాయల ధర ఒక్కసారిగా 50కి చేరింది. ఇంకొంచెం వెనక్కి వెళితే లెక్క మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. 2015లో సమాచార హక్కు చట్టం కింద బయటపడిన వివరాల ప్రకారం మసాలా దోశను 6 రూపాయలకు అమ్మేవారు, దానికి వాడిన సరుకుల ఖర్చే 23 రూపాయల పైమాట. 20 రూపాయలకు అమ్మిన మటన్ కూరకు సరుకులకే 61 రూపాయలకు పైగా అయ్యేది. వంటవాడి జీతం, గ్యాసు, గిన్నెలు తోమేవారి కూలి ఈ లెక్కలోకి రాలేదు. 2013-14తో ముగిసిన ఐదేళ్లలో ప్రభుత్వం ఈ క్యాంటీన్లకు ఇచ్చిన సబ్సిడీ 60 కోట్ల 70 లక్షలని అప్పుడే తేలింది.

ఆ వివరాలు పత్రికల్లో వచ్చాక దేశమంతా మండిపడింది. కందిపప్పు ధర కొండెక్కిన ఏడాది అది. బజారులో పప్పు కొనలేక జనం అల్లాడుతుంటే చట్టాలు చేసేవారికి ఆరు రూపాయల దోశ ఏమిటన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. అదే ఏడాది మార్చిలో ప్రధాని మోదీ ఈ క్యాంటీన్‌కు వచ్చి, శాకాహార భోజనం చేసి, 29 రూపాయల బిల్లు కట్టి, సందర్శకుల పుస్తకంలో ‘అన్నదాతా సుఖీభవ’ అని రాసి వెళ్లారు. మామూలుగా ఆ మాట అన్నం పెట్టిన గృహస్థును దీవిస్తూ అంటాం. ఇక్కడి అన్నదాత ఎవరంటే పన్ను కట్టిన జనమే కాబట్టి, ఆ దీవెన చేరవలసిన చోటికే చేరిందని అనుకోవాలి. అప్పట్లో పార్లమెంటు ఆహార కమిటీకి మహబూబ్‌నగర్ ఎంపీ జితేందర్ రెడ్డి అధ్యక్షులు. 2016 జనవరి 1 నుంచి ధరలు పెరిగాయి: 18 రూపాయల శాకాహార థాలీ 30 అయింది, 33 రూపాయల మాంసాహార థాలీ 60 అయింది. లాభం లేకుండా, నష్టం లేకుండా నడుపుతామని అప్పుడు ప్రకటించినా సబ్సిడీ పూర్తిగా పోలేదు. 2021 జనవరి 19న స్పీకర్ ఓం బిర్లా సబ్సిడీని ఎత్తివేస్తున్నట్టు చెప్పాకే ఆ అధ్యాయం ముగిసింది. దీనివల్ల ఏడాదికి 8 కోట్లకు పైగా మిగులుతుందని పత్రికలు రాశాయి.

ఎనిమిది కోట్లు మనబోటివారికి కళ్లు తిరిగే మొత్తమే. కానీ ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ 34 లక్షల 83 వేల కోట్ల రూపాయలు. అందులో ఎనిమిది కోట్లంటే, ప్రభుత్వం పెట్టే ప్రతి నాలుగు లక్షల ముప్పై ఐదు వేల రూపాయల ఖర్చులో ఒక్క రూపాయి మిగిలినట్టు. సబ్సిడీని తీసేయకుండా ఉండవలసిందని నేను అనడం లేదు. తీసేయడం నూటికి నూరుపాళ్లూ సరైన పని. అయితే దాన్ని ‘ప్రభుత్వ వ్యయ నియంత్రణ’ అన్న పెద్ద పేరుతో పిలవడం మాత్రం భోజనం చివర ఇచ్చే సోంపు గింజలను పలహారంగా లెక్కకట్టడం వంటిది.

ఈ క్యాంటీన్‌లో నిజంగా తినేవారెవరో కూడా చూడాలి. నేను భోజనం చేసే వేళల్లో చుట్టూ కనిపించేది ఖద్దరు చొక్కాలు కాదు. మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న సెక్షన్ అధికారులు, టైపు సిబ్బంది, డ్యూటీ మారుతున్న భద్రతా ఉద్యోగులు, కెమెరా సంచీ కుర్చీకి తగిలించిన విలేకరులు, నియోజకవర్గం నుంచి పని మీద వచ్చి ఎంపీ గారి పీఏ కోసం ఎదురుచూస్తున్న పల్లెటూరి పెద్దమనుషులు కనిపిస్తారు. సభ్యుల్లో చాలామంది సమావేశాల రోజుల్లో తప్ప ఇటు రారు, వచ్చినా టీతో సరిపెట్టుకుంటారు. ఒక మధ్యాహ్నం నా ఎదుటి కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన స్టీలు డబ్బాలో ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు రొట్టెలు, వంకాయ కూర తీసి బల్ల మీద పరిచి, కౌంటరులో ఒక కప్పు పెరుగు మాత్రం కొనుక్కున్నారు. రైల్వేవారి కాలంలో తాను డబ్బా తెచ్చుకున్న రోజు లేదని, ఇప్పుడు నెలకు ఇరవై రెండు భోజనాలు ఇక్కడే చేస్తే జీతంలో ఎంత పోతుందో ఇంట్లో లెక్క చెప్పారని నవ్వుతూ అన్నారు. నాయకుల విలాసాన్ని తగ్గించామని మనం చప్పట్లు కొట్టిన కోత అసలు ఎవరి కంచం మీద పడిందో చెప్పడానికి ఆ డబ్బా చాలు. ఎంపీకి అరవై ఐదు రూపాయల బిర్యానీ నూట యాభై అయితే ఏమీ కాదు, పన్నెండు రూపాయల కూరగాయలు యాభై అయితే నెలజీతం మీద బతికే గుమాస్తాకు అవుతుంది.

నన్నడిగితే సబ్సిడీ అనేది తనంతట తాను పాపమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లను 2024 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు పూట భోజనం 5 రూపాయలే పెట్టారు, మిగతా ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది. హైదరాబాదులో నగరపాలక సంస్థ 5 రూపాయల భోజనం 2014 నుంచీ ఉంది. ఆసుపత్రి బయట రోగికి తోడుగా వచ్చినవారు, అడ్డా మీద పని దొరకని కూలీలు ఆ వరుసల్లో నిలబడతారు కాబట్టే ఆ ఖర్చును ఎవరూ దండగ అనరు. పార్లమెంటులో కూడా కిందిస్థాయి సిబ్బందికి వేరే కార్డు ఇచ్చి, వారికి మాత్రం తగ్గింపు ధర ఉంచి, సభ్యులు, ఉన్నతాధికారులు, మావంటి సందర్శకుల దగ్గర పూర్తి ధర వసూలు చేసి ఉంటే ఎనిమిది కోట్లలో సగమో ముప్పాతికో మిగిలేది, పెద్దాయనకు డబ్బా బరువూ తప్పేది. ఎందుకోగాని ప్రభుత్వాలు కోత వేసేటప్పుడు ఇంత ఓపికగా ఆలోచించవు.

ఓపికగా ఆలోచించని మరో కోత 2020 ఏప్రిల్‌లో పడింది. కరోనా మొదలైన రోజుల్లో ఎంపీల జీతంలో ముప్పై శాతాన్ని ఏడాది పాటు తగ్గిస్తూ ఆర్డినెన్సు వచ్చింది. నెలకు లక్ష జీతంలో ముప్పై వేలు తగ్గాయి. రెండు సభల్లోని 788 సీట్లూ నిండి ఉన్నాయనుకున్నా ఏడాదికి జీతం పద్దు కింద మిగిలింది ఇరవై ఎనిమిదిన్నర కోట్ల లోపే. అదే ప్రకటనలో ఎంపీల స్థానికాభివృద్ధి నిధుల పథకాన్ని రెండేళ్లు ఆపేశారు. దానివల్ల 7,900 కోట్లు ప్రభుత్వానికి చేరతాయన్నారు. మొదటి మొత్తం నాయకుల జేబులోది, రెండోది ఊళ్లలో బోరుబావులకు, బడిగదులకు, బస్సు షెల్టర్లకు పోవలసినది. వార్తల్లో జీతం కోతే పతాక శీర్షిక అయింది, బడిగది సంగతి నాలుగో పేరాలో కనిపించింది. తెలుగు నేల మీదా ఆ రోజుల్లో ఇదే వరస. తెలంగాణలో ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యుల జీతాల్లో 75 శాతం కోత వేశారు, అదే నిర్ణయంతో మామూలు ఉద్యోగుల జీతాల్లో సగం, నాలుగో తరగతి ఉద్యోగుల జీతాల్లో పది శాతం ఆపారు. నాయకులే ముందు త్యాగం చేస్తున్నారన్న మాట, అందరి జీతాలనూ తాకడానికి దారి చూపింది.

ఆ తర్వాతి కథ క్యాంటీన్ బిల్లు పక్కన పెట్టి చూడదగ్గది. 2018లో ఎంపీల జీతాన్ని నెలకు లక్ష చేసినప్పుడే, ఇకపై ప్రతి ఐదేళ్లకూ ధరల సూచీని బట్టి అది పెరుగుతుందని చట్టంలో రాశారు. ఆ ప్రకారం 2025 మార్చిలో వచ్చిన ప్రకటనతో జీతం 1 లక్షా 24 వేలు అయింది, అది 2023 ఏప్రిల్ నుంచి వర్తించింది. సమావేశాల రోజు భత్యం 2,000 నుంచి 2,500కు, మాజీ సభ్యుల పింఛను 25 వేల నుంచి 31 వేలకు పెరిగాయి. జీతంలో పెరిగిన ఇరవై నాలుగు వేలను మాత్రమే 788 మందికి, పన్నెండు నెలలకు హెచ్చవేస్తే ఏడాదికి 22 కోట్ల 69 లక్షలు వస్తుంది. క్యాంటీన్ మూడేళ్లలో మిగిల్చిన సొమ్ములో దాదాపు అంతా ఈ పెంపు ఒక్క ఏడాదిలో తీసుకుపోతుందన్నమాట.

ఇంత చెప్పాక నేను జీతాల కోతకు ఓటు వేస్తానని మీరు అనుకుంటే పొరపాటు. ధరల సూచీకి ముడిపెట్టడం పాత పద్ధతి కంటే మేలు. పాత పద్ధతి ఎలా ఉండేదో 2010 నాటి ముచ్చట చెబుతుంది. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శికి అప్పట్లో నెలకు 80 వేలు జీతం. అధికారి కంటే ప్రజాప్రతినిధి ఒక మెట్టు పైన ఉండాలి గనుక మాకు 80,001 ఇవ్వాలని పార్లమెంటరీ కమిటీ సిఫారసు చేసింది. ఆ ఒక్క రూపాయి కోసం సభలో గొడవ జరిగి, చివరికి 16 వేలున్న జీతం 50 వేల దగ్గర తేలింది. తమ జీతాన్ని తామే నిర్ణయించుకునే అధికారం రాజ్యాంగం 106వ అధికరణం ద్వారా వచ్చింది. ఆ అధికారాన్ని ప్రతిసారీ బేరమాడి వాడుకునే బదులు ఒక సూత్రానికి అప్పగించడం మర్యాదైన పని. జీతం మరీ తగ్గించేస్తే ఆస్తిపాస్తులున్నవారు తప్ప మరొకరు చట్టసభకు రాలేరన్న వాదన కూడా కొట్టివేయదగ్గది కాదు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య గారిని మనం ఇప్పటికీ తలుచుకుంటాం గాని, అందరూ ఆయనలా సొంత ఆస్తి పంచేసి వస్తారని చట్టం రాసుకోలేము.

నా ఫిర్యాదంతా బోర్డు మీద లేని వంటకాల గురించి. జీతం అంకెగా కనిపిస్తుంది, కాబట్టి దాని మీద కోపం వస్తుంది, కోత పడుతుంది. ఢిల్లీ నడిబొడ్డున ఇల్లు, ఏడాదికి 50 వేల యూనిట్ల కరెంటు, 34 విమాన ప్రయాణాలు, రైల్లో మొదటి తరగతి పాసు వంటివి ఒక్కో సభ్యుడి పేరు మీద ఏడాదికి ఎంత అవుతున్నాయో చెప్పే పట్టిక ఏదీ ఏ గోడకూ వేలాడదు. పింఛన్ల సంగతి మరీ వింత. ఎమ్మెల్యేగా చేసి, తర్వాత ఎంపీగా చేసినవారు రెండు పింఛన్లూ తీసుకోవచ్చు. ఐదేళ్లకు మించి ఎంపీగా ఉంటే ఆ పైన ప్రతి ఏడాదికీ నెలకు మరో 2,500 కలుస్తుంది. పంజాబ్‌లో 2022లో మాజీ శాసనసభ్యులకు, ఎన్నిసార్లు గెలిచినా, ఒక్క పింఛనే అని తేల్చారు. అంతకుముందు గెలిచిన ప్రతిసారికీ మొత్తం పెరుగుతూ పోయేది. ఆదా ఎంతైనా కానీ, ఆ కోత గుమాస్తా కంచాన్ని తాకలేదు, పడవలసినవారి మీదే పడింది. అటువంటి కోతను నేను మెచ్చుకుంటాను.

రాష్ట్రాలకు వస్తే నిష్పత్తి మారుతుందన్నది కూడా గమనించాలి. తెలంగాణలో 2016లో శాసనసభ్యుల జీతభత్యాలను నెలకు రెండున్నర లక్షలు చేశారు. 119 మంది ఎమ్మెల్యేలు, 40 మంది ఎమ్మెల్సీలకు లెక్క వేస్తే ఏడాదికి 47 కోట్ల 70 లక్షలు. అప్పటి రాష్ట్ర బడ్జెట్ లక్షా 30 వేల కోట్లు కాబట్టి, ఇది ప్రతి 2,700 రూపాయల్లో ఒక రూపాయి. పార్లమెంటు క్యాంటీన్ మీద పెట్టిన కన్నులో పదో వంతు మన శాసనసభల మీద పెట్టినా మరికాస్త ప్రయోజనం ఉండేది.

పోలిక కోసం మరో చోటు చెప్పకుండా సమీక్ష పూర్తి కాదు. పార్లమెంటు నుంచి ఆటోలో కొద్ది నిమిషాల దూరంలో అశోకా రోడ్డు మీద ఆంధ్ర భవన్ క్యాంటీన్ ఉంది. అది కూడా ప్రభుత్వ ఆవరణే, అయితే అక్కడ పాసు అడగరు. టోకెన్ తీసుకుని వరుసలో నిలబడితే కలెక్టరైనా, కోచింగుకు వచ్చిన కుర్రాడైనా ఒకే బల్ల దగ్గర కూర్చుంటాడు. స్టీలు కంచంలో అన్నం, పప్పు, సాంబారు, రసం, కందిపొడి, నెయ్యి, ఆవకాయ వస్తాయి, వడ్డించేవాళ్లు బకెట్లు పట్టుకుని అడగకముందే మళ్లీ వేస్తారు. పంజాబీ కుటుంబాలు పొడి ఇంకొంచెం వేయమని సైగ చేయడం అక్కడ మామూలు దృశ్యం. రుచిలో పార్లమెంటు థాలీ దానికి పోటీ కాదు. ధర విషయంలో మాత్రం పార్లమెంటుదే పైచేయి, ఢిల్లీ నడిమధ్యన వంద రూపాయలకు పూర్తి థాలీ సబ్సిడీ లేకుండా ఎలా కుదురుతుందంటే, అద్దె కట్టనక్కర్లేని స్థలంలో వండుతున్నారు కాబట్టి. ఈ లెక్కన సబ్సిడీ పూర్తిగా పోయిందనడం కంటే, కంచంలోంచి గోడల్లోకి జరిగిందనడమే నిజానికి దగ్గర.

పాసు దొరికి వెళ్లేవారికి నా సలహా: శాకాహార థాలీ తీసుకోండి, ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఆకలి తక్కువైతే యాభై రూపాయల మినీ థాలీ చాలు. బిర్యానీ కోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు. ఏడు వందల బఫే విందులకు వచ్చేవారి కోసం పెట్టింది, మధ్యాహ్నం పనిలో ఉన్నవారు దాని జోలికి పోవలసిన పని లేదు. భోజనానికి ఐదులో మూడున్నర, శుభ్రతకు నాలుగున్నర మార్కులు వేస్తున్నాను. అసలు ఖర్చును ధరగా రాసి గోడకు తగిలించినందుకు ఆ పట్టికకు నాలుగు ఇస్తాను. ఇల్లు, కరెంటు, విమానాలు, పింఛన్ల అంకెలను కూడా సభ్యుల పేర్లతో దాని పక్కనే తగిలించిన రోజున మిగిలిన ఒక్క మార్కూ కలుపుతాను.